అంగుళం నీటి బరువు

యాకుత్‌పురా, ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ల మధ్య ఉంది ఉప్పుగూడ. హైదరాబాద్ పాతబస్తీలో చాలాచోట్ల లాగే ఇక్కడా జాగాను గజాల్లో చెప్పుకుంటారు. 50 గజాలు, 60 గజాలు, కాస్త ఉన్నవాళ్లదైతే 100. జాగా చిన్నది కాబట్టి ఇల్లు పక్కకు పెరగదు, పైకి పెరుగుతుంది. తండ్రి కట్టిన గదుల మీద కొడుకు ఇంకో స్లాబ్ వేస్తాడు, పెళ్లి చేసుకుని ఆ పైన ఇంకో గది లేపుతాడు, అన్నిటికన్నా పైన నీళ్ల ట్యాంకు పెడతాడు. ఇంజనీరు గీసిన నక్షా లేకుండా, మేస్త్రి అనుభవాన్నే నమ్ముకుని లేచే ఇళ్లు ఇలాంటి బస్తీల్లో ఎన్నో. వైశాల్యం, ఘనపరిమాణం, ద్రవ్యరాశి, సాంద్రత అనే నాలుగు మాటలను అలాంటి ఒక ఇంటి మిద్దె మీద నిలబడి చూడాలని నా కోరిక. బడిలో మార్కుల కోసం నేర్చుకుని మరిచిపోయే లెక్క ఇది. దాని అసలు అవసరం ఇంటి దగ్గరే మొదలవుతుందని పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మిద్దె వైశాల్యంతో మొదలుపెడదాం. చదరపు గజం అంటే 0.836 చదరపు మీటర్లు. 50 గజాలంటే సుమారు 41.8 చదరపు మీటర్లు. దీని మీద వాన పడుతుంది. వాతావరణ శాఖ వానను మిల్లీమీటర్లలోనో సెంటీమీటర్లలోనో చెబుతుంది. నీళ్లను లీటర్లలో కదా కొలవాలి, పొడవు కొలిచే సెంటీమీటర్లలో ఎందుకు చెబుతున్నారని చిన్నప్పుడు చాలామందికి అనుమానం వస్తుంది. ఆ అనుమానం చాలా మంచిది. పడిన నీళ్లు ఎటూ పారకుండా, భూమిలోకి ఇంకకుండా, ఆవిరి కాకుండా ఉన్నచోటే నిలిస్తే ఎంత మందాన నిలుస్తాయో ఆ మందాన్నే వాళ్లు చెబుతున్నారు. వైశాల్యం మనది, మందం వాళ్లది. రెంటినీ గుణిస్తే ఘనపరిమాణం మన చేతికి వస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు.

2020 అక్టోబరు 13న మొదలైన కుండపోత ఈ నగరం మరిచిపోలేనిది. మర్నాడు ఉదయానికి ముగిసిన 24 గంటల్లో బేగంపేటలో సుమారు 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. అంత వాన మన 50 గజాల మిద్దె మీద పడిందనుకుందాం. 41.8 చదరపు మీటర్లను 0.19 మీటర్లతో గుణిస్తే 7.94 ఘనపు మీటర్లు, అంటే 7,940 లీటర్లు. లీటరు నీరు కిలో తూగుతుంది. దాదాపు 8 టన్నుల నీళ్లు ఒక రోజులో ఆ ఇంటి నెత్తిన పడ్డాయన్నమాట.

లీటరు నీరు కిలో ఎందుకు తూగుతుంది? ఇది ప్రకృతిలోని వింత కాదు, మనుషులు చేసుకున్న ఏర్పాటు. ఫ్రెంచి విప్లవ కాలంలో కొత్త కొలతలు తయారుచేసినవాళ్లు 1795లో, మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘన సెంటీమీటరు నీటి ద్రవ్యరాశినే గ్రాము అన్నారు. 1799లో కిలోగ్రాముకు ప్రమాణంగా ప్లాటినం దిమ్మె చేసినప్పుడు, నీరు అన్నిటికన్నా చిక్కగా ఉండే 4 డిగ్రీల సెల్సియస్‌ను ఆధారంగా తీసుకున్నారు. ఆ తర్వాత కిలోగ్రాము నిర్వచనం నీటిని వదిలి లోహపు దిమ్మెకు, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకానికి మారింది. అయినా పాత బంధుత్వం అలాగే నిలిచింది. నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1,000 కిలోలు అని కళ్లు మూసుకుని రాసుకోవచ్చు. మిగతా పదార్థాలకు ఆ సౌకర్యం లేదు, వాటి సాంద్రత కొలిచి తెలుసుకోవాల్సిందే. కాబట్టి ఈ లెక్క నేర్చుకునే ఎవరికైనా నీరే మొదటి గురువు.

ఆ 8 టన్నులూ మిద్దె మీద ఉండిపోవు. తూము గుండా, పైపు గుండా కిందికి జారిపోతాయి. తూము తెరిచి ఉంటేనే సుమా! ఎండుటాకులో, పగిలిన గాలిపటమో, ప్లాస్టిక్ సంచో పైపు మూతికి అడ్డం పడితే పిట్టగోడ తొట్టి గోడగా మారిపోతుంది. మనుషులు తిరిగే మిద్దెల కోసం భారతీయ ప్రమాణం ఐఎస్ 875 సూచించే అదనపు భారం చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. మన భాషలో సుమారు 150 కిలోలు. మనుషులు, మంచాలు, ఎండబెట్టిన వడియాలు అన్నీ అందులోకే వస్తాయి. 15 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే ఆ హద్దు నిండిపోయినట్టే. 19 సెంటీమీటర్లు నిలిస్తే హద్దు దాటినట్టు. ప్రమాణాల ప్రకారం కట్టిన ఇంట్లో దీనిపైన కొంత భద్రత ఉంచుతారు, వెంటనే కూలిపోదు. తక్కువ ఇనుముతో, ఏళ్లుగా చెమ్మ తాగిన స్లాబ్‌కు ఆ భరోసా ఎవరిస్తారు?

ఇదే మిద్దె మీద నీటికి బదులు కాంక్రీటును ఊహించండి. ఉక్కు కలిసిన కాంక్రీటు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 2,500 కిలోలు. 12.5 సెంటీమీటర్ల మందంతో, అంటే మేస్త్రీలు చెప్పే 5 అంగుళాల స్లాబ్ వేస్తే ఘనపరిమాణం 5.2 ఘనపు మీటర్లు, ద్రవ్యరాశి 13 టన్నులు. సెంట్రింగ్ సరిగా మట్టం పెట్టక ఒక అంగుళం ఎక్కువ పోశారనుకోండి. ఆ ఒక్క అంగుళంలోనే రెండున్నర టన్నులకు పైగా బరువుంది. అంతే అంగుళం నీరు నిలిస్తే 1,062 కిలోలు, అంటే టన్ను పైచిలుకు. ఒకే వైశాల్యం, ఒకే మందం, కాబట్టి ఒకే ఘనపరిమాణం. బరువులో వచ్చిన తేడా మొత్తం సాంద్రతదే. సాంద్రత నిర్వచనాన్ని పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఈ అంగుళంతోనే చెబుతాను. పాత ఇళ్లలో వేసే షాబాద్ బండల్ని అంగుళం మందంతో ఆ మిద్దెంతా పరిస్తే కాంక్రీటు కన్నా కాస్త ఎక్కువే తూగుతాయి. మెత్తగా, చల్లగా కాలికి తగిలే ఆ బండ అంత బరువని కంటికి తెలియదు. కన్ను వైశాల్యాన్ని చూస్తుంది, మందాన్ని ఊహిస్తుంది. సాంద్రతను మాత్రం అసలు చూడలేదు.

ఇక్కడ కొలమానాల గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. మన ఇళ్ల పనుల్లో జాగా గజాల్లో, గోడ అడుగుల్లో, స్లాబ్ అంగుళాల్లో, రాడ్డు మిల్లీమీటర్లలో, ఇసుక టన్నుల్లో, ట్యాంకు లీటర్లలో ఉంటాయి. మీటరుకు 3.28 అడుగులని అందరికీ తెలుసు. ఆ అంకెతోనే ఘనపు అడుగులను ఘనపు మీటర్లుగా మార్చేస్తారు. అది పెద్ద పొరపాటు. పొడవుకు 3.28 అయితే వైశాల్యానికి 3.28ని రెండుసార్లు గుణించాలి, 10.76 వస్తుంది. ఘనపరిమాణానికి మూడుసార్లు గుణించాలి, 35.3 వస్తుంది. 100 ఘనపు అడుగుల ఇసుక 2.83 ఘనపు మీటర్లే, 30 కాదు. తొట్టి పొడవు, వెడల్పు, లోతు మూడూ రెట్టింపు చేసినవారు నీళ్లు కూడా రెట్టింపు పడతాయనుకుంటారు. 8 రెట్లు పడతాయి, 8 రెట్ల బరువు కింది గోడల మీద కూర్చుంటుంది. ఈ గుణకారాల తర్కం మన భాషకు కొత్త కాదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో క్షేత్రాల వైశాల్యాలకు ఒక అధ్యాయం, తవ్విన గుంతల ఘనపరిమాణాలకు ఇంకో అధ్యాయం వేర్వేరుగా ఉన్నాయి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గణితాన్ని తెలుగులోకి తెచ్చాడు. నేలను కొలవడం వేరు, గుంతను కొలవడం వేరు అని తెలుగువాడికి అప్పటినుంచే తెలుసు.

ఇప్పుడు ఇనుప దుకాణానికి వెళ్దాం. స్లాబ్ పనికి రాడ్లు కొనేవాళ్లు అక్కడ ఒక అంకె వింటారు: 162. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే ఒక మీటరు రాడ్డు ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. 12 మిల్లీమీటర్ల రాడ్డుకు 144ని 162తో భాగిస్తే 0.889 కిలోలు. సైట్ మీద ఉండే సూపర్‌వైజర్లు దీన్ని మంత్రంలా వాడతారు. ఈ 162 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. ఈ వ్యాసంలోని నాలుగు మాటలూ ఆ ఒక్క అంకెలో ముడిపడి ఉన్నాయి కాబట్టి నిదానంగా విప్పి చూద్దాం.

12 మిల్లీమీటర్ల రాడ్డును అడ్డంగా కోస్తే గుండ్రటి ముఖం కనిపిస్తుంది. దాని వ్యాసార్ధం 6 మిల్లీమీటర్లు. 6ను 6తో, ఆ వచ్చినదాన్ని 3.1416తో గుణిస్తే వైశాల్యం 113.1 చదరపు మిల్లీమీటర్లు. ఆ ముఖాన్నే ఒక మీటరు పొడవునా లాగితే రాడ్డు అవుతుంది. అంటే వైశాల్యాన్ని 1,000 మిల్లీమీటర్లతో గుణించాలి. 1,13,100 ఘనపు మిల్లీమీటర్లు, అంటే 113.1 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు. గుణిస్తే 888 గ్రాములు. ప్రతి రాడ్డుకూ ఇంత దూరం నడవనక్కర్లేకుండా, మందం ఒక్కటీ పక్కన పెట్టి మిగతా అంకెలన్నీ కలిపేశారు. 3.1416ను 4తో భాగించి, ఉక్కు సాంద్రతతో గుణించి, కొలమానాలు సరిచేస్తే 0.006165 వస్తుంది. ఒకటిని దానితో భాగిస్తే 162.2. ఆ చిన్న భిన్నం వదిలేసి 162 అన్నారు. ఇందులో వృత్తం ఉంది, మీటరు పొడవు ఉంది, ఉక్కు సాంద్రత ఉంది. రాగి తీగకు ఈ 162 పనికిరాదు, రాగి సాంద్రత 8.96 కాబట్టి. అల్యూమినియం గొట్టానికీ పనికిరాదు.

ఇదే లెక్క వెనక్కి నడిస్తే మరింత విలువైనది. రాడ్డు మీద పక్కటెముకల్లాంటి గట్లు ఉంటాయి. కాంక్రీటు పట్టు దొరకడానికి అవి కావాలి. వాటివల్ల రాడ్డు మందాన్ని కొలబద్దతో నికరంగా పట్టుకోలేం. గట్టు మీద పెడితే ఎక్కువ, సందులో పెడితే తక్కువ. అందుకే మన ఉక్కు రాడ్ల ప్రమాణం ఐఎస్ 1786 వైశాల్యాన్ని తూకం ద్వారానే తేల్చమంటుంది. ముక్క బరువును పొడవుతోనూ 0.00785తోనూ భాగిస్తే చదరపు మిల్లీమీటర్లలో వైశాల్యం వస్తుంది. కంటితో చూడాల్సిన వైశాల్యాన్ని తక్కెడతో కొలవడం ఎంత చక్కటి ఆలోచన! ఇది ఎవరైనా ఇంట్లో చేయగల పరీక్ష. 8 మిల్లీమీటర్ల రాడ్డు నుంచి సరిగ్గా ఒక మీటరు ముక్క కోయించి కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. 395 గ్రాములు ఉండాలి. అసలు మందం 7.5 మిల్లీమీటర్లే అయితే 347 గ్రాములే తూగుతుంది. మందంలో అర మిల్లీమీటరు పోతే వేలికి కూడా తెలియదు. వైశాల్యంలో మాత్రం 12 శాతం పోయింది, ఎందుకంటే మందం వైశాల్యంలోకి రెండుసార్లు గుణకారంగా వెళ్తుంది. 10 మిల్లీమీటర్ల వరకు ఉన్న రాడ్ల ఒక్కో ముక్క తూకంలో ఆ ప్రమాణం ఒప్పుకునే తరుగు 8 శాతమే. స్లాబ్ లాగుడును తట్టుకునేది ఈ వైశాల్యమే కాబట్టి, ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబం ఈ ఒక్క ముక్కనైనా తూయించాలని మనసారా కోరుకుంటాను.

ఉప్పుగూడ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ పట్టాలను చూస్తున్నప్పుడు కూడా ఇదే లెక్క చేయొచ్చు. రైల్వేవాళ్లు పట్టాలను 52 కిలోల పట్టా, 60 కిలోల పట్టా అని పిలుస్తారు. పట్టా మొత్తం బరువు కాదది, ఒక్క మీటరు బరువు. 60 కిలోల పట్టా నిజానికి మీటరుకు 60.34 కిలోలు. తల గుండ్రంగా, నడుము సన్నగా, పాదం వెడల్పుగా ఉండే ఆ ఆకారం వైశాల్యాన్ని ఏ సూత్రంతో కట్టగలం? కట్టనక్కర్లేదు. 60.34ను ఉక్కు సాంద్రత 7,850తో భాగిస్తే సుమారు 77 చదరపు సెంటీమీటర్లు. పట్టాను కోయకుండానే, గీయకుండానే దాని కోత ముఖం వైశాల్యం తెలిసిపోయింది.

ఉక్కు ఘనమైనది, లోపల ఖాళీ లేదు. ఇసుక, ఉప్పు, బియ్యం అలా కావు. ఊరి పేరులోనే ఉప్పు ఉంది కాబట్టి దాన్నే తీసుకుందాం. ఉప్పు స్ఫటికం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.16 గ్రాములు. లీటరు గిన్నెలో ఉప్పు నింపితే 2 కిలోల 160 గ్రాములు ఉండాలి కదా? తూచి చూడండి, సన్న ఉప్పు 1.2 కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. మిగిలినదంతా పలుకుల మధ్య గాలి. గిన్నెను నేలకు రెండుసార్లు తట్టండి, ఉప్పు కిందికి దిగుతుంది. ద్రవ్యరాశి మారలేదు, ఘనపరిమాణం తగ్గింది, కుప్పగా చూస్తే సాంద్రత పెరిగింది. పదార్థం సాంద్రత వేరు, కుప్ప సాంద్రత వేరు. గిద్ద, సోల, తవ్వ, మానిక, కుంచం లాంటి మన పాత కొలతలన్నీ ఘనపరిమాణపు కొలతలే. కొలిచేవాడు గింజలను మెల్లగా పోస్తాడా, అదిమి పోస్తాడా, పైన గోపురంలా నిలుపుతాడా, గీత గీస్తాడా అన్నదాని మీద రైతు, వ్యాపారి గొడవపడటం ఊరికే కాదు. అంతా ఆ ఖాళీల గొడవే.

ఉప్పుతో ఇంకో పరీక్ష చేస్తే మరింత లోతైన విషయం బయటపడుతుంది. 100 మిల్లీలీటర్ల నీటిలో 36 గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరిగించండి. నీరు 100 గ్రాములు, ఉప్పు 36 గ్రాములు, కలిపితే 136 గ్రాములు. కాటా కూడా అదే చెబుతుంది. ఘనపరిమాణం సంగతి? 36 గ్రాముల ఉప్పు స్ఫటికాలు 16.7 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తాయి కాబట్టి మొత్తం 116.7 అవ్వాలి. ఆ ఉప్పునీటి సాంద్రత సుమారు 1.2. దాంతో 136ను భాగిస్తే 113 మిల్లీలీటర్లే వస్తుంది. 3 మిల్లీలీటర్లకు పైగా చోటు మాయమైంది! కరిగిన ఉప్పులోని అయాన్లు చుట్టూ ఉన్న నీటి అణువులను దగ్గరికి లాక్కుని బిగుతుగా అమర్చుకోవడమే కారణం. ద్రవ్యరాశులను కూడవచ్చు. కలిసిపోయే పదార్థాల ఘనపరిమాణాలను అలా కూడితే లెక్క తప్పుతుంది. ప్రయోగశాలల్లో సీసా మీద గీతలకన్నా కాటాను ఎక్కువగా నమ్మడం ఇందుకే.

ఇసుక దగ్గర ఇది డబ్బుల వ్యవహారం అవుతుంది. ఇసుక రేణువు సాంద్రత 2,650, పొడి ఇసుక కుప్ప సాంద్రత సుమారు 1,600. అంటే 40 శాతం గాలి. ఇసుక కొద్దిగా తడిసినప్పుడు రేణువుల చుట్టూ నీటి పొర ఏర్పడి వాటిని దూరదూరంగా నిలబెడుతుంది. 5 నుంచి 8 శాతం తేమ దగ్గర కుప్ప ఘనపరిమాణం 20, 30 శాతం దాకా పెరుగుతుంది, సన్న ఇసుక ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. ఘనపు అడుగుల లెక్కన తడి ఇసుక కొంటే గాలికి డబ్బులు కట్టినట్టు, టన్నుల లెక్కన కొంటే నీటికి కట్టినట్టు. మేస్త్రి సిమెంటులో ఇసుకను గమేళాలతో కొలిచి కలుపుతాడు కాబట్టి, ఉబ్బిన ఇసుకైతే పాళ్లే మారిపోతాయి. దీనికి పరీక్ష సులభం. గాజు గ్లాసులో మూడింట రెండు వంతులు తడి ఇసుక వదులుగా పోసి ఎత్తు గుర్తుపెట్టండి. తర్వాత మునిగేదాకా నీళ్లు పోసి కలియబెట్టి వదిలేయండి. పూర్తిగా మునిగిన ఇసుక మళ్లీ పొడి ఇసుక ఎత్తుకే దిగుతుంది. దిగిన ఎత్తుతో ఆ తేడాను భాగిస్తే ఉబ్బు ఎంత శాతమో తెలుస్తుంది.

సాంద్రత పదార్థాన్ని గుర్తుపట్టిస్తుంది కూడా. దీనికి మన నగర చరిత్రలో ఉన్నంత అందమైన ఉదాహరణ ఇంకెక్కడా ఉండదనుకుంటాను. జాకబ్ వజ్రం 1891లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గరికి వచ్చింది. ఏడో నిజాం దాన్ని కాగితాల మీద బరువుగా వాడాడు. 1995లో మిగతా నిజాం నగలతో పాటు భారత ప్రభుత్వం కొన్నది. దాని తూకం 184.75 క్యారట్లు, క్యారట్‌కు 0.2 గ్రాముల చొప్పున 36.95 గ్రాములు. వజ్రం సాంద్రత 3.52. భాగిస్తే 10.5 ఘన సెంటీమీటర్లు, రెండు టీ స్పూన్ల చోటు. దాని పొడవు, వెడల్పు, లోతు 39.5, 29.25, 22.5 మిల్లీమీటర్లు. మూడింటినీ గుణిస్తే 26 ఘన సెంటీమీటర్లు వస్తుంది. ఈ రెండు జవాబుల్లో ఏది తప్పు? రెండూ ఒప్పే. 26 అనేది ఆ వజ్రం పట్టే డబ్బాది, 10.5 వజ్రానిది. సానపట్టి మూలలు తీసేసి, కిందికి కోసుగా దించిన రాయి తన డబ్బాలో 40 శాతమే నింపుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తుల గుణకారం పెట్టెకే చెల్లుతుంది. ఇక అది అసలు వజ్రమేనా అన్నది తేల్చాలంటే దారంతో కట్టి నీటిలో ముంచి తూచాలి. 10.5 గ్రాములు తగ్గి 26.45 చూపిస్తే వజ్రం. అదే పరిమాణంలో మామూలు గాజైతే గాలిలోనే 26 గ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. వజ్రంలా మెరిసే క్యూబిక్ జిర్కోనియా అయితే దాదాపు 60 గ్రాములు తూగుతుంది. రాయిని గీయకుండా, పగలగొట్టకుండా దాని జాతి చెప్పేసే పద్ధతి ఇది.

మళ్లీ మిద్దె మీదికి వద్దాం, ట్యాంకు సంగతి మిగిలిపోయింది. ఆషాఢంలో ఉప్పుగూడ మహంకాళి గుడికి బోనం ఎత్తుకుని వెళ్లే ఆడవాళ్లు కుండ కింద తలమీద చుట్టబట్ట పెట్టుకుంటారు. కుండ బరువు దాంతో తగ్గదు. ఆ బరువు మోసే వైశాల్యం పెరుగుతుంది, నడినెత్తిన ఒక్కచోట గుచ్చుకోదు. వైశాల్యం ఘనపరిమాణాన్ని కట్టడానికే కాదు, బరువును పంచడానికీ పనికొస్తుంది. 1,000 లీటర్ల ట్యాంకు నిండితే టన్ను. దాని అడుగుభాగం వ్యాసం ఒక మీటరైతే అది కూర్చునే వైశాల్యం 0.785 చదరపు మీటర్లే. అక్కడ చదరపు మీటరుకు సుమారు 1,270 కిలోల భారం పడుతుంది. మిద్దెకు అనుకున్న 150 కిలోలకు అది 8 రెట్లు. అందుకే ట్యాంకును స్లాబ్ నడుమ పెట్టకూడదు. కింద స్తంభాలు, దూలాలు కలిసే మూలన, అడ్డంగా గోడలు కట్టి బరువు వాటి మీదికి దిగేలా పెట్టాలి. ఖాళీ ట్యాంకును ఒక్క మనిషి ఎత్తుకుని మెట్లెక్కుతాడు. అది తేలిగ్గా ఉండటం చూసి మోసపోయి ఎక్కడ పడితే అక్కడ పెట్టేస్తారు.

2020లో ఆ వాన మిద్దెలతో ఆగలేదు. అక్టోబరు 13 రాత్రి బండ్లగూడలోని మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి, కింది ఇళ్లలో ఉన్నవారు ప్రాణాలు కోల్పోయారు. తడిసి నిండిన మట్టి సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 2 టన్నులకు చేరుతుంది. పొడిగా ఉన్నప్పుడు గోడ ఆనుకుని మోసిన మట్టే, తడిశాక బరువు పెరిగి, పైగా నీటి తోపుడుతో కలిసి గోడ మీదికి వస్తుంది. 17 రాత్రి మళ్లీ కుండపోత. బాలాపూర్ వైపున గుర్రం చెరువు గట్టు తెగి ఆ నీళ్లు హఫీజ్ బాబానగర్ మీదుగా దిగువ బస్తీల మీద పడ్డాయి. ఉప్పుగూడ, ఛత్రినాక వైపు కూడా ఇళ్లలోకి నీళ్లు చేరాయి. 3 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవున్న గల్లీలో అర మీటరు లోతు నీరు అంటే 150 ఘనపు మీటర్లు, 150 టన్నులు. మోకాలి లోతేగా అనుకుని అందులో దిగుతాం. ఆ రోజుల్లో పాతబస్తీ వీధుల్లో కార్లు బొమ్మల్లా కొట్టుకుపోవడం దేశమంతా వీడియోల్లో చూసింది. దానికీ ఇదే లెక్క. 1,000 కిలోల చిన్న కారు అడుగుభాగం 3.5 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు అనుకుంటే 5.25 చదరపు మీటర్లు. 1,000 లీటర్ల నీటిని పక్కకు నెడితే అది తేలుతుంది. 1 ఘనపు మీటరును 5.25తో భాగిస్తే 0.19 మీటర్లు. కారు అడుగును తాకిన తర్వాత నీరు ఇంకో 19 సెంటీమీటర్లు పెరిగితే చాలు, చక్రాలు నేలను వదిలేస్తాయి. పూర్తిగా తేలకముందే పారే నీరు దాన్ని తోసేస్తుంది.

ఈ నగరం పెద్ద లెక్కలు కూడా చేసింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నీటిని పైనే ఆపాలని ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ సామర్థ్యం 3.9 టీఎంసీలు. పత్రికల్లో రోజూ చదివే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, అంటే 2 కోట్ల 83 లక్షల టన్నుల నీరు. 11,574 క్యూసెక్కుల ప్రవాహం, అంటే సెకనుకు అన్ని ఘనపు అడుగులు, ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆనకట్ట వెనుక ఉన్నదీ, మన పిట్టగోడ వెనుక నిలిచేదీ ఒకే నీరు, ఒకే సాంద్రత. ఆనకట్టకు గేట్లున్నాయి, చూసుకునే సిబ్బంది ఉన్నారు. మిద్దెకు ఉన్నది అరచేయి పట్టేంత తూము.

వానాకాలం ముందు చేయదగిన చిన్న పని ఒకటి ఉంది. మిద్దె వైశాల్యం కొలిచి, తూము పక్కన పిట్టగోడ లోపలి వైపు సున్నంతో అంగుళం అంగుళానికి గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఎన్ని టన్నులో రాసిపెట్టాలి. 50 గజాల ఇంటికి మొదటి గీత దగ్గర 1, రెండో గీత దగ్గర 2, ఆరో గీత దగ్గర 6 అని రాస్తే సరిపోతుంది, దశాంశాలు అక్కర్లేదు. రాత్రి వాన జోరుగా కురుస్తున్నప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు టార్చిలైటుతో పైకెక్కి ఆ గీతలను చూసి, నీరు రెండో గీత దాటక ముందే కర్రతో తూములోని ఆకులు తీసేయగలగాలి.